పసుపు చుక్క ఎవరిది?

బిలాస్‌పూర్ నుంచి మస్తూరీ మీదుగా వెళ్తే మల్హార్ వస్తుంది. పాతాళేశ్వరుడి గుడి, డిండేశ్వరీ దేవి గుడి ఉన్న ఊరు. శైవ, వైష్ణవ, జైన శిల్పాల పక్కనే బౌద్ధ శిల్పాలూ బయటపడిన ఊరు. ఈ నేలంతా ఒకప్పుడు దక్షిణ కోసలం. ఏడో శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ కళింగం దాటి కోసలంలో అడుగుపెట్టినప్పుడు, ఆచార్య నాగార్జునుడు ఈ దేశంలోనే ఒక సంఘారామంలో ఉండేవాడనీ, శాతవాహన రాజు ఆయన కోసం కొండను తొలిపించి విహారం కట్టించాడనీ ఇక్కడివాళ్లు చెప్పగా విని రాసుకున్నాడు. మనకు నాగార్జునుడంటే కృష్ణ ఒడ్డు, శ్రీపర్వతం, సాగర్ నీళ్ల మధ్య మిగిలిన కొండ. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి కొలువుల కోసం వచ్చి బిలాస్‌పూర్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకైతే ఆ పేరుతో పుట్టింటి వైపూ మెట్టినింటి వైపూ చుట్టరికమే. మూలమధ్యమకకారిక ఇరవై ఏడు ప్రకరణాల్లో ఆయన తిప్పి తిప్పి అడిగింది ఒకే ప్రశ్న: దేని మీదా ఆధారపడకుండా, తనంతట తనకే చెందిన స్వభావం ఏ వస్తువుకైనా ఉందా? ఆ ప్రశ్నను తీసుకెళ్లి ఇవాళ్టి క్యాన్సర్ పరిశోధనశాలలో, సూక్ష్మదర్శిని కింద మెరిసే ఒక పసుపు చుక్క ముందు పెడితే, తర్కంతో తలపడి తెచ్చుకోవలసిన జవాబు కంటికే కనిపిస్తుందని నా నమ్మకం.

ఇది పండితుల కాలక్షేపం కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్న సామెతను మనం మనుషుల మీదే కాదు, రోగాల మీద కూడా ప్రయోగిస్తున్నాం. ఇంట్లో ఒకరికి బ్లడ్ క్యాన్సర్ అని తేలగానే వినిపించే మాటలు అందరికీ తెలిసినవే. ఆ వంశంలోనే ఏదో ఉంది, ఆ నెత్తురే అలాంటిది, ఏ జన్మలో ఏం చేసుకున్నారో. పూర్వం ఇవన్నీ తలరాత అనే ఒక్క మాటలో ఇమిడేవి. జన్యువు అన్న మాట వచ్చాక తలరాతకు కొత్త బలం వచ్చింది. బ్రహ్మ నుదుటి మీద రాసింది కనపడదు గనుక కనీసం సందేహించడానికి చోటుండేది, జన్యువు మీద రాసింది ల్యాబ్‌లో కనిపిస్తుంది గనుక ఇక తిరుగులేదనుకుంటారు. నిజానికి ల్యాబ్‌లో కనిపించేది దీనికి పూర్తిగా ఎదురు. అందుకే ఆ పరీక్ష ఎలా పనిచేస్తుందో కొంచెం ఓపికగా చూడాలి.

మన కణంలో 46 క్రోమోజోములు. ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌లో, మూలుగులోని ఏదో ఒక కణంలో తొమ్మిదో క్రోమోజోము కొస, ఇరవై రెండో క్రోమోజోము కొస తెగి, ఒకదాని చోట ఇంకొకటి అతుక్కుంటాయి. యార్డులో షంటింగ్ చూసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండు బండ్ల వెనక పెట్టెలు తారుమారయ్యాయి, కొత్త పెట్టె ఏదీ వచ్చి చేరలేదు. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా రోగుల కణాల్లో మామూలు కన్నా పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమును గుర్తించారు. ముక్క ఎక్కడికీ పోలేదనీ, చోటు మారిందనీ 1973లో షికాగోలో జానెట్ రౌలీ చూపించారు. ఈ తారుమారును కణం లోపలే పట్టుకునే విద్యకు దారి తీసింది జోసెఫ్ గాల్, మేరీ లూ పార్డ్యూ. 1969లో వాళ్లు వాడినవి రేడియోధార్మిక గుర్తులు. 1980ల్లో వాటి స్థానంలో మెరిసే రంగులు వచ్చాయి. ఇప్పుడు ల్యాబుల్లో దీన్ని ఫిష్ టెస్ట్ అంటారు. ఏబీఎల్ అనే జన్యువు ఉన్న చోటును పట్టుకునే డీఎన్‌ఏ ముక్కకు ఎరుపు రంగు, బీసీఆర్ అనే జన్యువు ఉన్న చోటును పట్టుకునే ముక్కకు ఆకుపచ్చ రంగు తగిలిస్తారు. ఈ రంగు ముక్కలనే ప్రోబ్‌లంటారు. స్లైడు మీది కణాలను వేడిచేసి డీఎన్‌ఏ రెండు పేటలనూ విడదీస్తారు. ప్రోబ్ తనకు జతపడే అక్షరాల వరుసను వెతుక్కుని అంటుకునేలా రాత్రంతా 37 డిగ్రీల దగ్గర వదిలేసి, అంటుకోనిదాన్ని కడిగేస్తారు. మామూలు కణంలో నీలి కేంద్రకం మీద రెండు ఎరుపు చుక్కలు, రెండు ఆకుపచ్చ చుక్కలు వేటికవే దూరంగా ఉంటాయి. తారుమారైన కణంలో ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ ఒంటరిగా మిగిలి, మరో రెండు చోట్ల ఎరుపూ ఆకుపచ్చా ఒకదాని మీద ఒకటి పడి పసుపు చుక్కలవుతాయి. ఒక్క కణాన్ని చూసి ఎవరూ తీర్పు చెప్పరు. దూరంగా ఉన్న రెండు చుక్కలు స్లైడు మీద కణం చదునుగా పరుచుకున్నప్పుడు కాకతాళీయంగా ఒకచోట పడవచ్చు గనుక, వందల కణాలు లెక్కపెట్టి, అలాంటి పొరపాటు ఎంత శాతం వరకు రావచ్చో ముందే తేల్చుకున్న హద్దు దాటితేనే ఉందని రాస్తారు.

ఆ పసుపు ఎవరిది? ఎరుపు ప్రోబ్‌లో పసుపు లేదు. ఆకుపచ్చ ప్రోబ్‌లోనూ లేదు. రెండింటినీ విడివిడిగా ఎంత తరచి చూసినా దొరకదు. ఫలం దాని హేతువుల్లో ఏ ఒక్కదానిలోనూ ముందే దాగి కూర్చోలేదన్న నాగార్జునుడి వాదానికి ఇంతకన్నా చిన్న, ఇంతకన్నా స్పష్టమైన నమూనా దొరకడం కష్టం. అయితే నేను ఆనుకుంటున్నది ఈ పోలిక మీద కాదు. ఫిష్ ప్రోబ్ జన్యువు మంచిదా చెడ్డదా అని చెప్పదు. దేని పక్కన ఏది ఉందో చెబుతుంది, అంతే. కొన్ని పరీక్షల్లో ఇదే పనిని తలకిందులుగా చేస్తారు. ఒకే జన్యువుకు ఆ కొసన ఎరుపు, ఈ కొసన ఆకుపచ్చ ప్రోబ్ పెడతారు. జన్యువు చోటు చెదరకపోతే పసుపు, తెగితే ఎరుపు ఒక మూల, ఆకుపచ్చ ఒక మూల. అంటే మొదటి పరీక్షలో పసుపు రోగానికి గుర్తయితే, రెండో పరీక్షలో పసుపే ఆరోగ్యానికి గుర్తు. బర్కిట్ లింఫోమాలో ఎనిమిదో క్రోమోజోము మీది మిక్ జన్యువు పద్నాలుగో క్రోమోజోము మీదికి వెళ్లి, ప్రతిరక్షకాలను తయారుచేయించే జన్యువుల పక్కన చేరుతుంది. ఆ జన్యువు రాయించే ప్రొటీను చాలావరకు పాతదే. మారింది ఇరుగుపొరుగు. కణం ఎదగాల్సిన వేళ ఎదగమని, ఆగాల్సిన వేళ ఆగమని మాట వింటూ మనందరి ఒంట్లో పనిచేసే జన్యువే, ఎప్పుడూ మోగుతుండే ఆ పొరుగున చేరి కణాన్ని ఆగనివ్వదు. చెడు మిక్‌లో ఉందా? ఉంటే మనందరం పుట్టుకతోనే రోగులం. పద్నాలుగో క్రోమోజోములో ఉందా? అది మనల్ని జ్వరాల నుంచి కాపాడే చోటు.

ఈ దారిలో మనకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది, అది నా వాదాన్ని కొంత ఇబ్బంది పెట్టేది కూడా. తర్వాతి రోజుల్లో హైదరాబాద్ సీసీఎంబీకి సంచాలకుడైన లాల్జీ సింగ్, 1982లో ఎడిన్‌బరోలో కె.డబ్ల్యు. జోన్స్‌తో కలిసి ఒక వింత ఎలుకల సంగతి తేల్చారు. క్రోమోజోముల లెక్క ప్రకారం ఆడవి, ఒడలు చూస్తే మగవి. పసుపు నలుపు పట్టీల కట్లపాము నుంచి తీసిన డీఎన్‌ఏ ముక్కను రేడియోధార్మిక ప్రోబ్‌గా వాడి వెతికితే, మగ క్రోమోజోము తునక ఒకటి వీటి ఎక్స్ క్రోమోజోము కొసకు అంటుకుని కనిపించింది. పాములో ఆ వరుస ఆడదాని క్రోమోజోముకు గుర్తు, ఎలుకలో అదే మగ క్రోమోజోముకు గుర్తు. ఒకే అక్షరాల వరుస ఒకచోట ఆడతనాన్ని, ఒకచోట మగతనాన్ని పట్టివ్వడం చూసి స్వభావవాది తడబడాలి. కానీ అతను వెంటనే తేరుకుని అడుగుతాడు: ఆ తునక చోటు మారినా మగతనాన్ని వెంట తీసుకుపోయింది కదా, అదే దాని స్వభావం కాదా? న్యాయమైన ప్రశ్న. పూర్తిగా తీసుకుపోలేదన్నదే జవాబు. ఆ ఎలుకలు మగవే గాని సంతానం కలగదు. రెండు ఎక్స్ క్రోమోజోములున్న ఒంట్లో వీర్యకణాలు తయారుకావు. మగతనమనే ఒక్క మాటలో మనం ముడివేసినవి అక్కడ విడిపోయాయి. తునక తెచ్చినంత తెచ్చింది, మిగతాది పొరుగు ఇవ్వలేదు. జన్యువుకు ఏ గుణమూ లేదని నేను అనను. ఏ గుణమూ దానికి ఒంటరిగా లేదంటాను.

ఇంకొంచెం ముదిరిన అభ్యంతరం ఇది: సరే, విడి జన్యువులు నిర్దోషులే, కాని ఒకసారి అతుక్కున్నాక ఆ జోడీకి చెడు స్వభావం పుట్టినట్టే కదా. బీసీఆర్ ఏబీఎల్ జోడీ తయారుచేయించే ప్రొటీను నిజంగానే ఆగకుండా పనిచేస్తుంది. ఏబీఎల్ తనను తాను ఆపుకునే భాగం తెగిపోయింది, బీసీఆర్ నుంచి వచ్చిన భాగం అలాంటి ప్రొటీన్లను జతలుగా చేర్చి ఒకదాన్నొకటి ఉసిగొల్పేలా చేస్తుంది. గార్డు బ్రేకు లేని బండికి ఇంకో ఇంజను తగిలించినట్టు. అయినా 1990ల్లో చాలా సున్నితమైన పరీక్షలతో వెతికితే, ఏ రోగమూ లేని మనుషుల నెత్తురులోనూ ఈ జోడీ జాడలు దొరికాయి. వాళ్లలో దాదాపు అందరికీ లుకేమియా ఎన్నడూ రాదు. జోడీ ఏ కణంలో ఏర్పడింది, ఆ కణానికి చాలాకాలం విభజన చెందే శక్తి ఉందా, చుట్టూ ఉన్న రక్షణ దాన్ని గుర్తుపట్టిందా అన్నవన్నీ కలిస్తేనే రోగం. పోనీ, తెగి అతుక్కోవడమే పాపమా అంటే అదీ కాదు. మన తెల్లకణాలు లెక్కలేనన్ని రకాల ప్రతిరక్షకాలను తయారుచేయగలగడానికి కారణం, అవి తమ జన్యువులను తామే తెంచుకుని కొత్త వరుసల్లో అతికించుకోవడం. సుసుము తొనెగావా దీన్ని 1976లో నిరూపించారు, 1987లో నోబెల్ అందుకున్నారు. ఈ తెంపుళ్లు లేకపోతే పసిబిడ్డ మొదటి జలుబును కూడా తట్టుకోలేదు. ఇవే ఎప్పుడైనా గురితప్పితే కొన్ని లింఫోమాలు పుడతాయి.

ఛత్తీస్‌గఢ్‌లో కూర్చుని ఇదంతా చెబుతుంటే, సిక్లింగ్ మాటేమిటని ఎవరైనా నిలదీస్తారు, నిలదీయాలి కూడా. సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఇదొకటి. 2023 జూలై 1న పొరుగు రాష్ట్రంలోని షాడోల్‌లో కేంద్రం మొదలుపెట్టిన నిర్మూలన కార్యక్రమానికి ఈ ప్రాంతమంతా గుండెకాయ. ఇక్కడ చోటు మారడం లేదు. బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారింది. ఫిష్ ప్రోబ్ దాన్ని చూడలేదు, అది పట్టుకునే నిడివి లక్షల అక్షరాలు. ఈ మార్పు తల్లిదండ్రుల నుంచి వచ్చేదే. ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదా? ఒకరి నుంచి మాత్రమే ఆ అక్షరం వచ్చిన బిడ్డకు మలేరియా ప్రాణం తీసే అవకాశం తగ్గుతుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించారు. దోమలున్న అడవి పల్లెల్లో ఆ అక్షరం తరతరాలుగా నిలిచింది అందుకే. ఇద్దరి నుంచీ వచ్చిన బిడ్డకు నొప్పులు తప్పవు, ఆ బాధను ఏ తత్త్వంతోనూ తగ్గించి చెప్పకూడదు. కాని ఆ బిడ్డ కూడా పుట్టిన మొదటి నెలల్లో హాయిగా ఉంటుంది. గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ ఇంకా నెత్తురులో ఉండి ఎర్రకణాన్ని కొడవలిలా వంగనివ్వదు. అది తగ్గాకే నొప్పులు మొదలవుతాయి. మన దేశంలో చాలామందిలో ఆ పాత హిమోగ్లోబిన్ పెద్దయ్యాకా కొంత మిగిలి ఉండడం, హైడ్రాక్సీయూరియా మందు దాన్ని ఇంకొంచెం పెంచడం వైద్యానికి ఆసరా. అక్షరం అదే, బిడ్డ అదే, పక్కన ఉన్నది మారింది. సంబంధం కుదుర్చుకునేటప్పుడు రక్తపరీక్ష అడగడం తెలివైన పని. ఆ పరీక్ష చూసి పిల్ల నెత్తురే చెడ్డదనడం అజ్ఞానం. ఈ రెండింటినీ కలిపేసేవాళ్లు తమకు సైన్సు తెలుసనుకోవడం నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

ఇక అసలైన అభ్యంతరం భక్తుడిది. హేతువులూ, వాటికి తోడయ్యే పరిస్థితులైన ప్రత్యయాలూ ఎన్ని చెప్పినా, ఆ కణంలో, ఆ రోజున, ఆ మనిషికే ఎందుకు తెగింది? దాన్నే మేం ప్రారబ్ధం అంటాం, తప్పేముంది? ఈ మాట వెనక ఓదార్పు కోసం వెతుకులాట ఉంది గనుక దాన్ని తేలిగ్గా తీసేయలేను. అకారణంగా బాధపడుతున్నామన్న ఆలోచన కన్నా, ఏదో కారణం ఉందన్న ఆలోచన కొందరికి మోయడానికి వీలుగా ఉంటుంది. కాని కర్మను గట్టిగా నమ్మిన బుద్ధుడే ఈ వాడుకను ఒప్పుకోలేదు. సంయుక్త నికాయంలోని మోలియసీవక సుత్తంలో సీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని అడుగుతాడు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఈ మూడూ కలవడం వల్ల, రుతువు మారడం వల్ల, ఒంటిని సరిగా చూసుకోకపోవడం వల్ల, బయటి దెబ్బ వల్ల కూడా వేదనలు కలుగుతాయనీ, కర్మ వాటిలో ఒకటి మాత్రమేననీ బుద్ధుడి జవాబు. అన్నీ కర్మే అనేవాళ్లు తమకు తెలిసినదాన్నీ, లోకం నిజమని ఎరిగినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని కూడా అంటాడు. బయటి దెబ్బ అన్నదానికి చరిత్ర ఒక భయంకరమైన సాక్ష్యం ఇచ్చింది. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకిల మీద పడిన బాంబులను తట్టుకుని బతికినవాళ్లలో, తర్వాతి ఏళ్లలో ఈ మైలాయిడ్ లుకేమియా మామూలు కన్నా ఎక్కువగా కనిపించింది. ఆ మూలుగులో క్రోమోజోములు తెగింది ఎవరి కర్మకు? బాంబు తయారుచేయించినవాళ్లకా, ఆ పొద్దున బడికి బయల్దేరిన పిల్లలకా? ప్రారబ్ధం అన్న మాట ఈ ప్రశ్న దగ్గర నిలబడలేదు. నిలబెట్టాలని చూస్తే అన్యాయం చేసినవాళ్ల బరువు కూడా బాధితుల నెత్తికే ఎక్కుతుంది. పైగా మైలాయిడ్ లుకేమియాలో ఈ తారుమారు పుట్టాక, ఒక్క మూలుగు కణంలో జరిగేది. తల్లిదండ్రులు ఇచ్చింది కాదు, రోగి పిల్లలకు పోయేదీ కాదు. వంశం అన్న మాటకు ఇక్కడ చోటే లేదు.

ప్రాచీన గ్రంథంలో ఆధునిక శాస్త్రాన్ని వెతకడం మనకు పాత జబ్బు, నేనూ ఆ పనే చేస్తున్నానా? నాగార్జునుడికి జన్యువులు తెలియవు, తెలుసని నటించడం ఆయనకు గౌరవం కాదు. ఆయన చెప్పింది తర్కం. ప్రయోగశాల చూపించింది ఒక సందర్భం. తర్కం ఆ సందర్భానికి సరిపోతుందా లేదా అన్నదే చూడాలి. ఇంకొకరు అంటారు: దేనికీ స్వభావం లేదంటే రోగమూ లేదు, నొప్పీ లేదు, వైద్యమూ లేదు అన్నట్టే కదా. ఈ ఆక్షేపణ ఆయన రోజుల్లోనే వచ్చింది. ఇరవై నాలుగో ప్రకరణమంతా దానికి సమాధానమే. ఆయన దాన్ని తిప్పికొట్టిన తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. దుఃఖానికి స్వభావం ఉంటే అది ఎన్నటికీ మారదు, పోదు, పోగొట్టే మార్గానికి అర్థం ఉండదు. ఇతరాల మీద ఆధారపడి పుట్టింది గనుకనే, ఆ ఆధారాన్ని కదిలిస్తే అది పోతుంది. శూన్యత అంటే లేకపోవడం కాదు, మారగలగడం. వైద్యం సాధ్యమయ్యేది ఈ ఒక్క కారణం వల్లే. అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియాలో పదిహేను, పదిహేడు క్రోమోజోములు తారుమారవుతాయి. ఫిష్ పరీక్షలో అది తేలితే, విటమిన్ ఏ నుంచి తయారైన మందుతో పాటు పాషాణాన్ని లెక్కగా ఇస్తారు. ఒకప్పుడు రోజుల్లో ప్రాణం తీసిన ఆ జబ్బు ఇవాళ అత్యధికుల్లో నయమవుతోంది. మన భాషలో విషానికి మారుపేరైన పాషాణానికే విషమనే స్థిరస్వభావం లేకపోతే, మనిషి నెత్తురుకు ఎక్కడి నుంచి వచ్చింది?

మైలాయిడ్ లుకేమియా కథ దీనికన్నా దూరం నడిచింది. ఆగని ఆ ప్రొటీనుకు శక్తి అందే గూటిలో దూరి కూర్చునే ఇమాటినిబ్‌కు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు చాలామందికి కొద్ది సంవత్సరాల గడువే ఉండే రోగంలో, పదేళ్ల తర్వాత కూడా నూటికి ఎనభై మందికి పైగా బతికి ఉన్నారని పెద్ద అధ్యయనం తేల్చింది. ఫిష్ స్లైడు మీద పసుపు చుక్కలు నెలనెలా తగ్గుతూ పోయాయి. ఆ తగ్గడానికి కావలసినవి కణం లోపలే లేవు. నెలకు లక్ష రూపాయలు దాటిన మందును, హైదరాబాద్ నాట్కో వంటి కంపెనీలు పదివేల లోపు ధరకు తెచ్చాయి. దాన్ని మొదట తెచ్చిన నోవార్టిస్ కంపెనీ పేటెంటు వాదనను సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చింది. హేతుప్రత్యయాల జాబితాలో ధర కూడా ఉంది, తీర్పు కూడా ఉంది, నెల తప్పకుండా మందు అందించే ఆసుపత్రి కిటికీ కూడా ఉంది. ఏళ్ల తరబడి మందు వాడి, రోగం జాడ దాదాపుగా చెరిగిపోయినవారిలో కొందరికి వైద్యుల కాపలాలో మందు ఆపి చూశారు. ఫ్రాన్సులో జరిగిన అలాంటి ప్రయత్నంలో నూటికి నలభై మందికి దగ్గరగా, రోగం మళ్లీ తలెత్తలేదు. అలా మందు మానేసి మామూలుగా బతుకుతున్నవాళ్లలో కొందరి నెత్తురును అతి సున్నితమైన పరీక్షతో వెతికితే, ఆ తొమ్మిదో ముక్కా ఇరవై రెండో ముక్కా ఇంకా అతుక్కునే ఉన్న కణాలు ఎక్కడో ఒకటీ అరా దొరుకుతాయి. జోడీ ఉంది. రోగం లేదు.